చిరునామా ఇచ్చినంత మాత్రాన

రాయ్‌పూర్‌లోని పండ్రి బట్టల బజారులో ఇప్పుడు చాలా దుకాణాల్లో బిల్లు వేసేముందు ఫోన్ నంబరు అడుగుతారు. కొంచెం పెద్ద దుకాణమైతే ఈమెయిల్ కూడా అడుగుతారు. కొనేవాళ్ళలో ఎక్కువమంది ఆలోచించకుండా చెప్పేస్తారు, కొందరు ముఖం చిట్లిస్తారు, ఒకరిద్దరు కావాలనే ఒక అక్షరం తప్పు చెబుతారు. ఏడాది తిరిగేసరికి ఆ చిరునామాలన్నీ కలిసి కంప్యూటర్‌లో పెద్ద జాబితా అవుతాయి. దసరా, దీపావళి దగ్గరపడ్డప్పుడు యజమానికి సహజంగానే ఒక ఆలోచన వస్తుంది: ఇంతమంది చిరునామాలు చేతిలో ఉండగా, కొత్త సరుకు దిగిందని వాళ్ళకు చెప్పకుండా ఊరుకోవడం ఎందుకు? ఆ ఆలోచనలో దురాశ ఏమీ లేదు. అయితే బిల్లు కోసం ఇచ్చిన చిరునామాను బిల్లుకే వాడాలని కొన్నవారు అనుకుంటే అందులోనూ తప్పు లేదు. చిన్న వ్యాపారానికి ఈమెయిల్ ప్రచారం తగునా అన్న వాదన ఈ రెండు సమంజసమైన ఆలోచనల మధ్య నడుస్తున్నది కాబట్టే అంత తొందరగా తేలదు.

ముందు వ్యాపారి వైపు నుంచి చూద్దాం. ఖర్చు తక్కువన్నది అందరూ చెప్పే కారణమే. అంతకంటే బరువైన కారణం మరొకటి ఉంది. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లను నిషేధించినప్పుడు, ఆ ఒక్క వేదికనే నమ్ముకుని సరుకు చూపించి అమ్ముకుంటున్న చిన్న వ్యాపారులు తమను చూసేవాళ్ళను రాత్రికి రాత్రి పోగొట్టుకున్నారు. నిషేధం సబబా కాదా అన్నది వేరే చర్చ. చూసేవాళ్ళ పేర్లు గానీ చిరునామాలు గానీ ఆ వ్యాపారుల దగ్గర లేకపోవడం, ఉన్నవన్నీ కంపెనీ దగ్గరే ఉండిపోవడం ఇక్కడి విషయం. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ పేజీల సంగతీ ఇంతే. ఎవరికి ఏది కనబడాలో దుకాణదారు చేతిలో ఉండదు. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మందికి మించి పట్టరు, అదీ మన నంబరును వాళ్ళు దాచుకుని ఉంటేనే చేరుతుంది. అంతకంటే ఎక్కువమందికి పంపాలంటే వ్యాపార వేదికలో సందేశానికింత అని కట్టాలి. ఈమెయిల్ జాబితా అలా కాదు. పంపిపెట్టే సంస్థ నచ్చకపోతే జాబితా తీసుకుని మెయిల్‌చింప్ నుంచి జోహోకో, జోహో నుంచి మరొకదానికో మారిపోవచ్చు. చిన్న వ్యాపారి తనదని చెప్పుకోగలిగిన దారులు ఈ రోజుల్లో ఎన్నో మిగల్లేదు.

అయితే ఖర్చు తక్కువ కావడంలోనే దీని చెడుగు కూడా ఉంది. 1978 మేలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ ఉద్యోగి గ్యారీ థర్క్, తమ కొత్త కంప్యూటర్ల ప్రదర్శనకు రమ్మంటూ, ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన అర్పానెట్‌లోని సుమారు 400 మందికి ఒకేసారి మెయిల్ పంపాడు. అడగని ప్రచార మెయిళ్ళలో మొదటిదిగా చెప్పుకునేది అదే. అందుకున్నవాళ్ళు విసుక్కున్నారు, మందలింపులు వచ్చాయి. అయినా దానివల్ల తమ యంత్రాలు బాగా అమ్ముడుపోయాయని థర్క్ తర్వాతి కాలంలో చెప్పుకున్నాడు. ఈ చివరి మాటనే నేను ఎక్కువగా పట్టించుకుంటాను. అడగకుండా పంపినా ఎంతోకొంత ఫలితం ఉంటుంది. వందమందికి పంపి ఇద్దరికి అమ్మగలిగితే పంపినవాడి పద్దులో లాభమే కనబడుతుంది. మిగతా తొంభై ఎనిమిది మంది విసుగు ఏ పద్దులోకీ ఎక్కదు. కరపత్రాలు అచ్చు వేయించే రోజుల్లో కాగితం ఖర్చే ఒక హద్దుగా ఉండేది. ఇక్కడ ఆ హద్దు లేదు కాబట్టి చట్టమో, మెయిల్ సంస్థో, కాకపోతే వ్యాపారి విచక్షణో దాన్ని గీయాలి.

ఇంతకీ రాయ్‌పూర్ లాంటి ఊళ్ళో ఈమెయిల్ పనిచేస్తుందా అన్న సందేహం ముందు తీరాలి. గోల్ బజార్‌లో సంబారాలు కొనే ఇల్లాలికీ, బలోదా బజార్ వైపు నుంచి పెళ్ళిబట్టలకు వచ్చే రైతు కుటుంబానికీ రోజూ ఇన్‌బాక్స్ చూసుకునే అలవాటు ఉంటుందనుకోలేం. ఫోన్ కొన్నప్పుడు మొబైల్ షాపు కుర్రాడే జీమెయిల్ ఖాతా తెరిచి ఇస్తాడు. పాస్‌వర్డ్ ఏమిటో సొంతదారుకు గుర్తుండదు, కొన్నిసార్లు తెలియనే తెలియదు. దుకాణంలో అడిగితే కొడుకుదో కోడలిదో చెబుతారు. అలాంటప్పుడు అనుమతి ఎవరిచ్చినట్టు, మెయిల్ ఎవరికి చేరినట్టు? ఇలాంటి గిరాకీ మీద బతికే దుకాణం ఈమెయిల్ జాబితా కోసం డబ్బూ సమయమూ పెట్టడం వృథా అనే నా అభిప్రాయం. పాత ఖాతాదారుకు గుమాస్తా ఫోన్ చేసి చెప్పే ఒక్క మాట అంతకంటే ఎక్కువ పనిచేస్తుంది.

కానీ అదే ఊళ్ళో వేరే రకం వ్యాపారాలూ ఉన్నాయి. చాంపా, కోర్బా, రాయ్‌గఢ్ ప్రాంతాల్లో నేసే కోసా పట్టునే తీసుకోండి. చీర ఖరీదైనది; ఏ ఏడాదికో రెండేళ్ళకో ఒకటి కొంటారు. రంగు వేయని కోసాకు సహజంగా ఉండే తేనె ఛాయ ఏమిటో, ఎవరు నేశారో, ఎలా ఉతకాలో నాలుగు మాటలు చెబితే తప్ప తెలియని వారికి దాని విలువ అర్థం కాదు. ఆ నాలుగు మాటలకు ఎస్సెమ్మెస్‌లో చోటు లేదు, వాట్సాప్‌లో అంత ఓపికగా చదవరు. పైగా కొనగలిగినవారిలో చాలామంది ఊరికి దూరంగా ఉంటారు. విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ మీదుగా రాయ్‌పూర్ చేరే రైలుమార్గం 1931లో పూర్తయింది; 1950ల చివర్లో పక్కనే భిలాయి ఉక్కు కర్మాగారం మొదలైంది. ఆ రైలుతోనూ ఆ ఉక్కుతోనూ వచ్చి ఇక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్ళ పిల్లలు ఇప్పుడు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో అమెరికాలోనో ఉంటారు. రాయ్‌పూర్‌లో ఉన్న అమ్మకు ఉగాదికి చీర పంపాలనుకునే కూతురికి, వాళ్ళ ఊరి దుకాణం నుంచి వచ్చే ఉత్తరం విసుగు కాదు, పని తప్పించే సౌకర్యం. తెరమీద చూసిన రంగుకూ చేతికొచ్చిన రంగుకూ తేడా వచ్చినప్పుడు ఎలాగన్నది మాత్రం వేరే తలనొప్పి.

టోకు వ్యాపారంలో ఈమెయిల్ ఇంకా గట్టిగా నిలబడి ఉంది. ఛత్తీస్‌గఢ్ బియ్యం కాకినాడ, విశాఖపట్నం రేవుల మీదుగా విదేశాలకు వెళ్తుంది. 2023 జూలైలో కేంద్రం బాస్మతియేతర తెల్లబియ్యం ఎగుమతిని ఆపినప్పుడూ, 2024 సెప్టెంబరులో మళ్ళీ అనుమతించినప్పుడూ కాకినాడ ఎగుమతిదారుకు కావలసింది ఆఫర్ కాదు, సమాచారం: ఏ రకం ఎంత నిల్వ ఉంది, నూక శాతం ఎంత, రేటు ఎన్ని రోజులు నిలబడుతుంది. ఇవన్నీ మెయిల్‌లో ఉంటే రేపు మాట తేడా వచ్చినా రుజువుంటుంది. సిల్‌తరా, ఉర్లా పారిశ్రామిక వాడల్లో కొనుగోలు విభాగాలకు నట్లూ బోల్టులూ అమ్మేవారి సంగతీ ఇంతే. ఇక్కడ జాబితాలో నలభై పేర్లుంటే చాలు. ఈ నలభైమందికీ అడగకుండా ఒకసారి మెయిల్ రాయడం తప్పని నేననను. వ్యాపారానికి వ్యాపారం ఉత్తరం రాసుకోవడం ఎప్పటినుంచో ఉన్న మర్యాదే. జవాబు రాకపోయినా వారం వారం అదే మెయిల్ పంపితేనే మర్యాద తప్పినట్టు.

తగిన చోట పంపినా అనుకోని ఫలితాలు తప్పవు. పండ్రిలో ధర బేరం మీద తేలుతుంది. ఇరవై శాతం తగ్గింపు అని జాబితాలోని అందరికీ మెయిల్ పెడితే, అది అందుకున్నవాళ్ళు అక్కడ మొదలుపెట్టి ఇంకా కిందికి బేరమాడతారు. అందనివాళ్ళు, అంటే మెయిల్ ఇవ్వకుండా ఏళ్ళ తరబడి దుకాణానికి నడిచి వస్తున్నవాళ్ళు, పక్కవాళ్ళ ద్వారా విని తమకు ఎక్కువ వేశారని నొచ్చుకుంటారు. రెండు మూడు పండుగలు అలా గడిస్తే తగ్గింపు లేనిదే ఎవరూ కొనరు. సీజన్ అమ్మకం పెరిగి ఏడాది లాభం తరిగే అవకాశం ఇక్కడుంది. పాత నిల్వ కదలక గోడౌన్ నిండిపోయిన దుకాణానికి ఇదే పద్ధతి ప్రాణం పోయవచ్చు కూడా. అందుకే తగ్గింపు మెయిల్ పంపకూడదనే నియమం పెట్టలేం. కానీ అలవాటుగా పంపేది, అవసరానికి పంపేది ఒకటి కావు.

చట్టం సంగతికి వస్తే మన దేశంలో ఈమెయిల్ ప్రచారం చాలాకాలం ఖాళీ చోటుగానే ఉండిపోయింది. అమెరికాకు 2003 నుంచే ప్రత్యేక చట్టం ఉంది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో తెచ్చిన నిబంధనలు ఫోన్ కాల్స్‌కీ ఎస్సెమ్మెస్‌లకీ వర్తిస్తాయి, మెయిళ్ళకు కాదు. విసిగించే మెయిళ్ళ ప్రస్తావన ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌లో ఉండేది. భావప్రకటన స్వేచ్ఛకు విరుద్ధమని సుప్రీంకోర్టు 2015 మార్చిలో ఆ సెక్షన్‌ను కొట్టివేసింది. కొట్టివేయవలసిందే. ఆ తర్వాత ఈ చోటు మళ్ళీ ఖాళీ అయిందన్నదీ నిజమే. బిల్లు ఇవ్వడానికి ఫోన్ నంబరు కోసం పట్టుబట్టవద్దని 2023 మేలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ చిల్లర వ్యాపారులకు సూచించింది. అదే ఏడాది ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చింది. అందులో మన చర్చకు సరిగ్గా సరిపోయే ఉదాహరణ ఒకటుంది: మందుల షాపులో కొన్న వ్యక్తి రసీదు తన ఫోన్‌కు పంపమని వివరాలు ఇస్తే, షాపు ఆ వివరాలను రసీదు పంపడానికి వాడుకోవచ్చు. ఉదాహరణ అక్కడితో ఆగుతుంది. ప్రచారానికి వాడాలంటే విడిగా, స్పష్టంగా అడిగి సమ్మతి తీసుకోవాలని దాన్నిబట్టి నాకు అర్థమవుతున్నది. సమ్మతి ఇవ్వడం ఎంత సులువో వెనక్కి తీసుకోవడమూ అంత సులువుగా ఉండాలని కూడా చట్టం అంటుంది. 2025 నవంబరులో నియమాలు వెలువడ్డాయి; ముఖ్యమైన బాధ్యతలు చాలావరకు అమల్లోకి రావడానికి పద్దెనిమిది నెలల గడువుంది.

దీన్ని చిన్న వ్యాపారులు కొందరు భారంగా చూస్తారు. ఆ మాట పూర్తిగా తోసెయ్యదగింది కాదు. డేటాకు తగిన రక్షణ కల్పించకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉండవచ్చని చట్టంలో చదివిన దుకాణదారు, అది గరిష్ఠ పరిమితి మాత్రమేనని తెలిసినా, అసలు జాబితానే వద్దనుకుంటాడు. లాయరును పెట్టుకోగలిగిన పెద్ద సంస్థలు మాత్రం యథాప్రకారం పంపుతూనే ఉంటాయి. చిన్నవాడిని కాపాడాల్సిన నిబంధన చిన్నవాడినే పక్కకు నెట్టే ప్రమాదం ఇది. కొన్ని వర్గాల సంస్థలను కొన్ని బాధ్యతల నుంచి మినహాయించే వీలు ప్రభుత్వానికి చట్టంలోనే ఉంది గనుక ఆ భయం కొంత తగ్గవచ్చు. మరోవైపు, చిన్న దుకాణమంటే చిన్న హాని అనుకోవడమూ పొరపాటే. ఖాతాదారుల జాబితా ఎక్సెల్ షీట్‌లో, అది పెన్‌డ్రైవ్‌లో, ఆ పెన్‌డ్రైవ్ ఉద్యోగం మానేసిన గుమాస్తా జేబులో ఉండడం జరగని సంగతేమీ కాదు. ఐదువందలమందికి ఒకే మెయిల్ పెట్టి అందరి చిరునామాలూ అందరికీ కనబడేలా వదిలేసేవాళ్ళూ ఉన్నారు. చిరునామాలను దాచే బీసీసీ గడి ఉందని తెలియకపోవడం వల్ల జరిగినా, చిరునామా బయటపడ్డవారికి తేడా ఏముంటుంది?

నిజానికి చట్టం కంటే ముందు కాపలా కాస్తున్నది మెయిల్ సంస్థలే. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000 కంటే ఎక్కువ పంపేవారు తమ డొమైన్‌ను ధ్రువీకరించుకోవాలనీ, ఒక్క నొక్కుతో జాబితా నుంచి బయటపడే వీలు పెట్టాలనీ, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకుండా చూసుకోవాలనీ గూగుల్ 2024 ఫిబ్రవరి నుంచి నియమం పెట్టింది. పండ్రి దుకాణం అంత సంఖ్యకు ఎన్నడూ చేరదు. అయినా ఆ లెక్క తెలుసుకోవడం మంచిది: వెయ్యిమందికి పంపినప్పుడు ముగ్గురు స్పామ్ అని నొక్కితే అదే 0.3 శాతం. ఎక్కడో కొనుక్కొచ్చిన జాబితాకు పంపితే ముగ్గురు కాదు, ముప్పైమంది నొక్కుతారు. ఆ తర్వాత అడిగి చేరినవాళ్ళకు పంపిన మెయిళ్ళు, ఒక్కోసారి బిల్లులు కూడా, స్పామ్‌లోకే పోవచ్చు. ఈ క్రమశిక్షణ మంచిదే. కానీ ఎవరి ఉత్తరం ఎవరికి చేరాలో ఒక ప్రైవేటు కంపెనీ యంత్రం నిర్ణయించడం, తప్పు జరిగితే రాయ్‌పూర్ దుకాణదారుకు మొరపెట్టుకునే చోటు లేకపోవడం కూడా గుర్తుంచుకోవాలి. ఇందాక ఈమెయిల్ జాబితా వ్యాపారి సొంతమన్నాను. జాబితా సొంతమే, చేరవేసే దారి సొంతం కాదు.

ఎంతమంది తెరిచారు అన్న లెక్క దగ్గర కూడా జాగ్రత్త అవసరం. 2021లో ఆపిల్ తన మెయిల్ యాప్‌లో గోప్యత రక్షణ పెట్టాక, మనిషి తెరవకపోయినా తెరిచినట్టు లెక్కలోకి వచ్చేస్తున్నది. ఆ అంకె చూసి మురిసిపోయి ఇంకొన్ని పంపడం, పడిపోగానే గాభరాపడి మరిన్ని పంపడం, రెండూ ఒక చోటికే చేరతాయి. అక్కడి నుంచి ఈ రాత్రికే ఆఖరు, రెండే మిగిలాయి అని లేని తొందర పుట్టించడానికి ఎంతో దూరం లేదు. అలాంటి అబద్ధపు తొందరను 2023 నవంబరు నాటి కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు వినియోగదారులను మభ్యపెట్టే పద్ధతుల్లో ఒకటిగా పేర్కొన్నాయి. నిజంగానే రెండు చీరలు మిగిలితే ఆ మాట చెప్పడం మాత్రం మేలే.

సమ్మతి ఎంత గట్టిగా ఉండాలన్న చోట పెద్దమనుషులే విడిపోతారు. చేరేటప్పుడు ఒక మెయిల్ పంపి, దానిలోని లింకు నొక్కి ఖాయం చేసినవారినే జాబితాలో ఉంచాలని కొందరంటారు. దొంగ చిరునామాలు, కొడుకు చిరునామాలు అక్కడే రాలిపోతాయి. అయితే నిజంగా ఆసక్తి ఉండి లింకు నొక్కడం తెలియని పెద్దవాళ్ళూ వాటితోపాటే రాలిపోతారు. పాత జాబితాల విషయం ఇంకా చిక్కు. ముందే సమ్మతి ఉన్నవారికి ఇప్పుడు ఒక నోటీసు ఇచ్చి, వద్దనేదాకా కొనసాగించవచ్చని చట్టం చెబుతుంది. కానీ పదేళ్ళ కిందటి బిల్లుపుస్తకంలోంచి ఎక్కించిన చిరునామాలో సమ్మతి ఉందని ఎలా అనగలం? పదేళ్ళుగా కొంటున్నారంటే ఇష్టం ఉన్నట్టేగా అని వ్యాపారి అడిగితే, కొనడానికి ఇష్టం వేరు, ఉత్తరాలు అందుకోవడానికి ఇష్టం వేరు అనే చెప్పాలి. ఆ మాట అతనికి పంతుళ్ళ వాదనలా వినిపిస్తే ఆశ్చర్యం లేదు.

నోటీసు భాష గురించి చిన్న మాట. ఇంగ్లీషులో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో ఏదో ఒకదానిలో గానీ చదువుకునే వీలు ఇవ్వాలంటుంది చట్టం. ఆ షెడ్యూలులో తెలుగు ఉంది, ఛత్తీస్‌గఢీ లేదు. రాయ్‌పూర్‌లో పుట్టి పెరిగిన తెలుగు పిల్లల్లో తెలుగు మాట్లాడగలిగినా లిపి చదవలేనివాళ్ళున్నారు. ఎవరికి ఏ భాషలో రాయాలో వాళ్ళనే అడిగి రాసుకోవడం షెడ్యూలు చూసుకోవడం కంటే ఉపయోగం.

ఇవన్నీ కలిపి చూస్తే నాకు ఒక మధ్యేమార్గం కనబడుతున్నది, అదీ అన్ని వ్యాపారాలకూ కాదు. రోజువారీ చిల్లర గిరాకీ ఉన్నవాళ్ళు దీని జోలికి వెళ్ళకపోయినా నష్టం లేదు. దూరాన ఉండి అరుదుగా, ఆలోచించి కొనేవాళ్ళున్న వ్యాపారం జాబితా పెట్టుకోవచ్చు. బిల్లుకు అడిగే చిరునామా బిల్లుకే ఉంచి, కొత్త సరుకు కబురు పంపమంటారా అని వేరుగా అడగాలి, వద్దంటే మళ్ళీ అడగకూడదు. ఏడాదిలో నాలుగైదు ఉత్తరాలు, వాటిలో తగ్గింపు గురించినవి ఒకటి రెండు మించకుండా ఉంటే చాలుననిపిస్తుంది. బియ్యం రేట్లు పంపేవారికి ఈ లెక్క వర్తించదు. ఏడాదిపాటు ఉలుకూ పలుకూ లేనివారికి ఉండమంటారా తీసెయ్యమంటారా అని ఒకసారి రాసి, జవాబు లేకపోతే తీసెయ్యడం మేలు. దీనికి మూల్యం ఉంది. జాబితా సగానికి తగ్గవచ్చు. జాబితా కొనుక్కుని ఎడాపెడా పంపిన పక్క దుకాణం ఈ దీపావళికి ఎక్కువే అమ్మవచ్చు, అతనికి శిక్ష పడుతుందన్న హామీ కూడా ఎవరూ ఇవ్వలేరు.

ఒంటరిగా ఒక దుకాణదారు ఈ భారం మోయడం కష్టం గనుక, రాయ్‌పూర్‌లో ఉన్న ఛత్తీస్‌గఢ్ చాంబర్ ఆఫ్ కామర్స్ లాంటి సంఘాలు హిందీలోనూ తెలుగులోనూ ఒక పేజీ సమ్మతి పత్రం నమూనా తయారుచేసి ఇస్తే బాగుంటుంది. చదవకుండా టిక్ పెట్టించుకునే కాగితంగా అది మారిపోయే ప్రమాదం ఉంది. పండుగ రద్దీలో దాన్ని చదివి వినిపించే తీరిక ఏ గుమాస్తాకూ ఉండదు. పెళ్ళిళ్ళు లేక బజారు కొంత ఖాళీగా ఉండే ఆషాఢంలో మొదలుపెడితే, అడగడానికీ ఆలోచించి చెప్పడానికీ ఇద్దరికీ కాస్త వ్యవధి దొరుకుతుంది.